పులుసు హోటల్‌కి బీరు పర్మిషన్ అడిగితే తప్పేంటండీ

మా పక్క ఊళ్ళో చేపల పులుసు భోజనం పెట్టే అక్క ఒకావిడ, "నా హోటల్లో బీరు అమ్ముకోడానికి పర్మిషన్ పెట్టించు తమ్ముడూ" అని నన్ను అడిగింది. నేను పెట్టలేకపోయాను, ఎందుకంటే అలాంటి అప్లికేషన్ అనేదే మన రాష్ట్రంలో లేదు. నా పని ఇదేనండి, కోనసీమలో చిన్న చిన్న కొట్లోళ్ళకి జీఎస్టీ రిటర్నులు వెయ్యడం, పంచాయతీ ట్రేడ్ లైసెన్సులు, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్లు తెప్పించడం, కరెంటు మీటరు కేటగిరీ మార్పించడం దాకా అన్నీ చేస్తాను. ఏ పనికైనా ఎక్కడో ఓ ఫారం ఉంటది, ఫారం ఉందంటే ఇవాళ కాకపోతే రేపైనా పనవుద్ది. దీనికి ఫారమే లేదు. అప్పట్నుంచీ ఈ రూల్స్ అన్నీ తిరగేస్తానే ఉన్నాను, కనపడ్డ ప్రతివాడితోనూ వాదన పెట్టుకుంటానే ఉన్నాను, ఇంట్లో కూడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తిట్టేవాళ్ళు తర్వాత తీరిగ్గా తిట్టచ్చు. చిన్న తిండి హోటళ్ళకి, కూర్చుని తినే చోట, బీరూ కల్లూ వరకు, ఆ వీధి ఆడవాళ్ళు ఒప్పుకున్న చోట, పర్మిషన్ ఇవ్వాలి. మందు మంచిదని నేను అనను. మందు వల్ల మా చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళు పోయాయో నాకు తెలుసు, మీ చుట్టుపక్కల సంగతి మీకూ తెలిసే ఉంటది. కానీ తాగేవాడు ఎలాగూ తాగుతున్నాడు, వాడు ఎక్కడ కూర్చుని తాగుతున్నాడు, ఏది తాగుతున్నాడు, కడుపులో ఏమన్నా పడిందా లేదా అనేది మాత్రం రూల్స్ రాసేవాళ్ళకి అస్సలు పట్టదు.

ఆ హోటల్ గురించి కొంచెం చెప్పాలి. కాలవ గట్టు మీద రేకుల షెడ్డు, ఎండకి ముందు తాటాకు పందిరి, లోపల బల్లలు, ఓ మూల ఫ్రిజ్. పులుసు మాత్రం ఇప్పటికీ మట్టి దాకలో కట్టెల పొయ్యి మీదే. రాత్రి కాచిన పులుసు పొద్దున్నకి ఇంకా బావుంటదని తెలిసినోళ్ళు తెల్లారకుండా గిన్నె పట్టుకొచ్చి నిన్నటిది ఉందా అని అడుగుతారు. శీలావతి రోజూ ఉంటది, కొర్రమీను దొరికిన రోజు ఉంటది, చింతచిగురు వచ్చే రోజుల్లో మెత్తళ్ళు చింతచిగురు చేసిందంటే ఆ రోజు భోజనాలు పన్నెండున్నరకే ఖాళీ. పులస జోలికి మాత్రం పోదు. "ఆ రేటెట్టి కొని నేనెవరికి వండాలి తమ్ముడూ, అయ్యన్నీ ఎమ్మెల్యేల ఇళ్ళకి పంపుకోడానికే" అంటది.

మధ్యాహ్నం భోజనం మీద మిగిలేది పెద్దగా ఏం ఉండదు, లెక్కలు నేనే రాస్తాను కాబట్టి చెప్తున్నా. చేప రేటు పెరుగుద్ది, నూనె పెరుగుద్ది, ప్లేటు రేటు పది రూపాయలు పెంచితే మాత్రం జనం మొహం తిప్పుకుంటారు. హోటల్ని నిలబెట్టేది రాత్రి వేపుళ్ళు. రొయ్యల వేపుడు, కోడి వేపుడు, ఆమ్లెట్. వచ్చేది ఎవరంటే రొయ్యల చెరువుల మీద మేత వేసే కుర్రోళ్ళు, కొబ్బరి దింపు వాళ్ళు, అంబాజీపేటలో కాయ లోడు చేసుకుని బయల్దేరబోయే లారీ వాళ్ళు, పొద్దుటి నుంచీ బస్తాలు మోసిన రైసు మిల్లు జట్టు. వీళ్ళు ఖాళీ చేతుల్తో రారు. జేబులో క్వార్టర్ సీసా ఉంటది. కూర్చోగానే మొదటి మాట, "అక్కా రెండు గ్లాసులు, ఓ చల్లటి వాటర్ బాటిల్."

ఇక్కడే ఉంది తిరకాసంతా. గ్లాసు ఇచ్చిందా, లైసెన్సు లేని చోట మందు తాగిస్తున్నావని కేసు. ఇవ్వలేదా, "సరేలే అక్కా" అని లేచి ఎదురుగా కాలవ లాకుల దగ్గరికో, సాయంత్రమయ్యాక ఎవరూ ఉండని స్కూలు అరుగు మీదికో పోతారు, వేపుడు బేరం పోద్ది, పొద్దున్నే ఆ అరుగు మీద గాజు పెంకులు ఊడ్చుకునేది వంట చేసే ఆయమ్మ. కాబట్టి అక్క గ్లాసు ఇస్తది. ఇస్తే మధ్యలో అప్పుడప్పుడూ ఎవరో ఒకళ్ళు వచ్చి కూర్చుని, వేపుడు తిని, బిల్లు కట్టకుండా, ఇంకొంచెం పట్టుకుని వెళ్తారు. ఎవరు, ఏ డిపార్ట్‌మెంటు అనేది నేను రాయను, మా వైపు వాళ్ళకి రాయక్కర్లేదు కూడా. ఆవిడ ఏడాది మొత్తం మీద ఇలా పోగొట్టుకునేదే ఓ చిన్న లైసెన్సు ఫీజంత ఉంటదని నా అంచనా, ఆ డబ్బుకి రసీదు ఉండదు, అంతే తేడా.

ఆవిడ నన్ను అడిగింది అందుకే. ఎక్కువ అమ్ముకుందామని కాదు. "ఎలాగూ కడతన్నాను కదా, ఆ కట్టేదేదో గవర్నమెంటుకే కట్టి గోడకి ఓ కాయితం తగిలించుకుంటాను, భయం లేకుండా నిద్రపోతాను" అంది.

సరే, మరి ఉన్న కాయితాలేంటో చూద్దాం. 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న పాలసీలో 3,396 ప్రైవేటు మద్యం షాపులు. అప్లికేషన్ పెట్టాలంటేనే 2 లక్షలు, లాటరీ తగలకపోతే ఆ 2 లక్షలూ తిరిగి రావు. అయినా దాదాపు 90 వేల అప్లికేషన్లు పడ్డాయి, గవర్నమెంటుకి ఆ అప్లికేషన్ ఫీజుల మీదే దగ్గర దగ్గర 1,800 కోట్లు వచ్చింది. లాటరీ తగిలినోడు ఏడాదికి లైసెన్సు ఫీజు కట్టాలి, జనాభాని బట్టి 50 లక్షల నుంచి 85 లక్షల దాకా. 55 లక్షల స్లాబునే తీసుకోండి, రోజుకి పదిహేను వేల పైమాటే, షట్టరు తీసినా తియ్యకపోయినా. మార్జిన్ చాలట్లేదని షాపులోళ్ళు గోల చేస్తే 2025లో దాన్ని 14 శాతానికి పెంచారు. రోజుకి పదిహేను వేలు ముందు ఫీజుకే పోవాల్సినోడు ఏం చేస్తాడు? వీలైనన్ని సీసాలు వీలైనంత తొందరగా బయటికి తోస్తాడు. లైసెన్సు లేకుండా చాటుగా అమ్మే బెల్టు షాపులకి సరుకు ఎలా వెళ్తుందని మళ్ళీ మనమే ఆశ్చర్యపోతాం. బెల్టుకి ఇస్తే 5 లక్షలు ఫైన్, మళ్ళీ చేస్తే లైసెన్సు రద్దు అని ముఖ్యమంత్రి గారే చెప్పారు. చెప్పడం వరకూ బానే ఉంది. మా వైపు ఏ కిరాణా కొట్టు వెనక్కి వెళ్ళి అడిగినా క్వార్టర్ మీద ఓ ఇరవయ్యో ముప్ఫయ్యో ఎక్కువ తీసుకుని ఇస్తారు.

ఇంక బార్లు. 2025 సెప్టెంబరు నుంచి కొత్త బార్ పాలసీ, రాష్ట్రం మొత్తం మీద 840 బార్లు. అప్లికేషన్ 5 లక్షలు, యాభై వేల లోపు జనాభా ఉన్న ఊరైతే ఫీజు 35 లక్షలు, ఆ పైన 55, ఐదు లక్షల జనాభా దాటితే 75. ముమ్మిడివరం లాంటి నగర పంచాయతీలో కూడా ముప్ఫై ఐదు లక్షలన్నమాట. పైగా బార్లు మున్సిపాల్టీలు, నగర పంచాయతీలు, వాటి అంచుల వరకే. అక్క హోటల్ ఉన్నది గ్రామ పంచాయతీలో, ఆ గేటు మొత్తానికే మూసేసి ఉంది. త్రీ స్టారూ ఆ పైన హోటళ్ళకైతే టూరిజం పేరు చెప్పి బార్ ఫీజు బాగా తగ్గించారు. బార్లలో పది శాతం గీత కులాలకి సగం ఫీజుకే కేటాయించారు, అది మంచి పని, ఇందులో నాకేం పేచీ లేదు. నేను పట్టుకున్న పాయింటు వేరే: ఫీజు తగ్గించాలనుకుంటే తగ్గించడం గవర్నమెంటుకి చాతనవుద్ది, ఎవరికి తగ్గించాలన్నదే వాళ్ళ ఇష్టం.

ఇంక పర్మిట్ రూములు. 2019 అక్టోబరులో షాపులన్నీ గవర్నమెంటే నడపడం మొదలెట్టినప్పుడు వీటిని తీసేశారు, 2025లో మళ్ళీ తెచ్చారు, ఊరిని బట్టి ఏడాదికి 5 లక్షలో ఏడున్నర లక్షలో కట్టి షాపు పక్కనే ఓ గది పెట్టుకోవచ్చు. ఆ గదిలో వండడానికి ఉండదు. నిలబడి తాగడం, ప్యాకెట్ చిప్సు, శనగలు, అయిపోగానే ఇంకో క్వార్టర్. పెళ్ళికి పిలిచి విస్తరి వెయ్యకుండా గ్లాసు మాత్రం చేతిలో పెట్టినట్టు ఉంటది ఆ యవ్వారం. బయట ఓ పకోడీ బండి నిలబడుద్ది, ఆ బండివాడికీ కాయితం లేదు.

అంటే మొత్తానికి చూస్తే, సీసా అమ్మేవాడికి తిండితో పని లేదు, తిండి పెట్టేవాళ్ళు సీసా ముట్టుకుంటే నేరం. ఈ రెండూ ఇలా ఎప్పుడు విడిపోయాయో చూస్తే, చాలా వరకు మంచి ఉద్దేశంతో తెచ్చిన రూల్సే కారణం, అదే విచిత్రం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారు, ఆ ఊరి ఆడవాళ్ళు మొదలెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మీద నాకు చాలా గౌరవం ఉంది, రాష్ట్రమంతా కదిలింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్ అయింది. తర్వాత ఎన్టీఆర్ గారు గెలిచి 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యనిషేధమే పెట్టారు. 1997లో చంద్రబాబు గారు ఎత్తేశారు. ఆ మధ్య కాలంలో మా గోదారి వైపు ఏం జరిగిందో మా పెద్దోళ్ళని అడగండి. యానాం! పాండిచ్చేరి రూల్సు, మన రూల్సు అక్కడ చెల్లవు. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే చాలు, ఇప్పుడున్న బాలయోగి గారి పేరు పెట్టిన బ్రిడ్జి 2002లో గానీ రాలేదు. పొద్దున్న పంటులో వెళ్ళినోళ్ళు సాయంత్రం పంటుకి ఎలా వచ్చేవాళ్ళో మా నాన్న ఇప్పటికీ నవ్వుతా చెప్తాడు, మా అమ్మ మాత్రం ఆ మాట వస్తే నవ్వదు. ఇంటి దగ్గర లేదు కాబట్టి వెళ్ళిన చోటే వారానికి సరిపడా తాగేసి రావడం, మిగిలింది నడుముకి కట్టుకు తేవడం.

ఇంక రెండోది హైవేల తీర్పు. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు, నేషనల్ హైవేలకీ స్టేట్ హైవేలకీ 500 మీటర్ల లోపు మందు షాపు ఉండకూడదంది. తర్వాత 20 వేల లోపు జనాభా ఉన్న చోట 220 మీటర్లకి తగ్గించారు. యాక్సిడెంట్లు తగ్గాలని ఇచ్చిన తీర్పు, మంచిదే. కానీ మా డెల్టాలో ఊళ్ళు ఎలా ఉంటాయండీ? పక్కన కాలవ, కాలవ గట్టు మీద రోడ్డు, రోడ్డుకి ఆనుకుని ఊరు. ఇటు 220 మీటర్లు వెళ్తే పాటి మీద ఇళ్ళు, అటు వెళ్తే వరి చేను. షాపులన్నీ రోడ్డు మీద నుంచి లేచి ఇళ్ళ మధ్యకొచ్చి పడ్డాయి, 2017లో ఆడవాళ్ళు వాటి ముందు టెంట్లు వేసుకుని కూర్చున్నారు. సీసా ఊళ్ళోకి పోయింది, హోటళ్ళూ దాబాలూ మాత్రం రోడ్డు మీదే ఉండిపోయాయి. ఇప్పుడు ఏం జరుగుతుందీ, లోపల కొనుక్కుని, బండెక్కి బయటికొచ్చి, రోడ్డు మీద హోటల్లో కూర్చుని తాగి, మళ్ళీ బండెక్కి ఇంటికి. తాగినవాడు బండెక్కకూడదని తెచ్చిన రూలు మా దగ్గర వాడిని రెండు సార్లు బండెక్కిస్తోంది.

ఇప్పుడు కొంచెం లెక్క. చదివేవాళ్ళలో తాగే అలవాటున్నోళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. క్వార్టర్ అంటే 180 మి.లీ., మన విస్కీ బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం, అంటే అందులో అసలు ఆల్కహాలు 77 మి.లీ. మామూలు బీరు పెద్ద సీసా 650 మి.లీ., 5 శాతం అనుకుంటే 32 మి.లీ. ఒక్క క్వార్టర్‌లో రెండు పెద్ద బీర్ల కంటే ఎక్కువ ఉందన్నమాట. రెండు పెద్ద బీర్లు తాగడానికి గంటన్నర పడుద్ది, మధ్యలో రెండు సార్లు లెగాల్సొస్తది, కడుపు నిండిపోద్ది. క్వార్టర్‌ని మా కుర్రోళ్ళు పది నిమిషాల్లో దించేస్తారు. మరి పాలసీ దేన్ని చవగ్గా పెట్టింది? 99 రూపాయల క్వార్టర్‌ని! కల్తీ సారా తాగి చచ్చిపోకుండా ఉండాలని, పక్క రాష్ట్రం సరుకు రాకుండా ఉండాలని కారణాలు చెప్పారు, అందులో కొంత నిజం ఉంది, నేను కొట్టిపారెయ్యను. కానీ మేత కుర్రోడు వంద నోటు పట్టుకుని వెళ్తే వాడికి దొరికేది బీరు కాదు, క్వార్టరే.

దానికి తోడు ఖాళీ కడుపు. ఇది డాక్టర్లు చెప్పేదే, నా సొంత సిద్ధాంతం కాదు. మందు రక్తంలో కలిసేది ఎక్కువగా చిన్న పేగు దగ్గర, కడుపులో తిండి ఉంటే అది పొట్టలోంచి పేగులోకి దిగడం నెమ్మదవుద్ది, తలకెక్కడం కూడా నెమ్మదిగా, తక్కువగా ఎక్కుద్ది. తిండి ఉంటే లివర్ బాగుపడిపోద్దని కాదు, ఎంత తాగితే అంతా లోపలికే పోద్ది. కానీ ఆ రాత్రి వాడు ఇంటికి ఎలా వెళ్తాడు, ఇంటికెళ్ళి ఏం చేస్తాడు అనేదానికి ఆ ప్లేటు వేపుడూ అన్నమూ చాలా తేడా. నేను ఆ హోటల్లో కూర్చుని చూస్తా ఉంటాను. అక్క వచ్చినోడికి గ్లాసు కంటే ముందు అన్నం పెట్టెయ్యమంటావా లేదా అని అడుగుద్ది. ఎక్కువైందనిపిస్తే "ఇంక లేవరా, మీ ఆవిడ చూస్తంటది" అని మొహం మీదే చెప్పుద్ది. పర్మిట్ రూములో ఆ మాట చెప్పేవాడు ఎవడున్నాడు, చెప్తే వాడి పదిహేను వేలు ఎవడు కట్టాలి?

ఇంక అభ్యంతరాలు. లేవనుకుంటే నేను పిచ్చోణ్ణే.

మొదటిది మా ఇంట్లోంచే వచ్చింది. నా భార్య ఇదంతా విని, "మీరు పర్మిషన్ పెట్టించిన హోటల్లో తాగొచ్చి ఎవడన్నా పెళ్ళాన్ని కొడితే, ఆవిడ మీ ఆఫీసు కొచ్చి అడగాలా?" అంది. దీనికి నా దగ్గర సమాధానం సగమే ఉంది. ఇప్పుడు కొడుతున్నవాడు లాకుల దగ్గర తాగొచ్చి కొడుతున్నాడు, ఆవిడ ఎవర్ని అడగాలో కూడా తెలియట్లేదు, లైసెన్సు ఉన్న హోటలైతే కనీసం ఓ పేరు, ఓ గోడ, ఓ రెన్యువల్ తేదీ ఉంటాయి, ఆ తేదీ నాడు వద్దని చెప్పే హక్కు ఆవిడకి ఉండాలంటాను. మిగతా సగానికి నా దగ్గర సమాధానం లేదు. ఊళ్ళో మందు దొరికే చోటు ఒకటి పెరిగితే తాగుడు కూడా కొంత పెరుగుద్ది, అది వ్యాపారంలో ఎవరైనా ఒప్పుకునే సంగతే. అందుకే కొత్తగా పెరగనివ్వకుండా, పర్మిట్ రూముల బదులుగా ఇవ్వమంటున్నాను. ఓ మండలంలో నాలుగు హోటళ్ళకి ఇస్తే, ఆ మేరకు గదులు మూసెయ్యాలి.

రెండోది, దీన్ని కూడా సిండికేట్లే పట్టుకుపోతాయి కదా అని. పోతాయి, కాపలా లేకపోతే. అక్క పేరు మీద కాయితం, వెనకాల ఎవడో పెట్టుబడి, రేపు పొద్దున్న పులుసు దాక పక్కకి నెట్టి కౌంటరు. దీనికి నేను ఆలోచించిన అడ్డుకట్ట ఒక్కటే, అమ్మకంలో తిండి వాటా మందు కంటే ఎక్కువ ఉండాలి, అది బిల్లుల్లో కనపడాలి. హోటల్ భోజనం మీద జీఎస్టీ ఉంది, మందు జీఎస్టీ బయట ఉంది, రెండు లెక్కలూ ఎలాగూ విడివిడిగానే రాయాలి. నా లాంటోడు నెలకోసారి చూస్తే తెలిసిపోద్ది ఎక్కడ వంటిల్లు ఆరిపోయిందో.

మూడోది యాక్సిడెంట్లు. ఇది బలమైన వాదన, అందుకే హైవే మీద హోటళ్ళకి ఇవ్వద్దనే నేను కూడా అంటాను. ఊళ్ళో, నడిచి ఇంటికెళ్ళే దూరంలో ఉన్నోళ్ళ కోసమే. లారీ డ్రైవర్లకి పొయ్యకూడదు, అక్కకి ఆ బేరం పోయినా సరే. ఆవిడ దీనికి మొహం చిన్నబుచ్చుకుంది, "అయితే నా బేరం సగం తీసేశావు" అంది. నిజమే, తీసేశాను.

లా చదువుకున్న మా ఫ్రెండొకడు ఇంకోటి చెప్పాడు. మందు వ్యాపారం చేసే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, పైగా రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల్ని నిషేధించే దిశగా పనిచెయ్యమని గవర్నమెంటుకి చెప్తోంది, నువ్వు ఏ ముఖంతో అడుగుతావురా అన్నాడు. హక్కని నేను అడగట్లేదురా బాబూ. 47వ అధికరణం చెప్పిన గవర్నమెంటే 3,396 షాపులకి లాటరీ తీసింది కదా, తీసిన లాటరీలో కొంచెం తెలివి పెట్టమంటున్నాను. అంతకు మించి వాడితో వాదించలేదు, వాడికి ఇంగ్లీషు జడ్జిమెంట్లు బాగా వచ్చు.

కల్లు సంగతి కూడా ఇందులోనే రావాలి, ఎందుకంటే మా డెల్టాకి సొంత మందంటూ ఉంటే అది తాటికల్లే. చేల గట్ల మీద వరసగా ఉండే తాటిచెట్లు చెరువులు తవ్వేటప్పుడు చాలా పోయాయి, ఎక్కేవాళ్ళు కూడా తగ్గారు, గీత కార్మికుడి కొడుకు మోకు పట్టుకోనంటున్నాడు, నేనైనా అనేవాణ్ణే. పొద్దున్న దించిన కల్లు పొద్దున్నే తాగితే తేలిగ్గా ఉంటది, సాయంత్రానికి పులిసి ఎక్కుద్ది. అది సీసాలో పెట్టి నెల్లాళ్ళు దాచేది కాదు కాబట్టి పెద్ద కంపెనీవాడు దాని జోలికి రాడు. కేరళలో కల్లు షాపులు చూడండి, అక్కడి కప్పా మీన్ కూర, అంటే కర్రపెండలం, చేపల కూర కోసం కల్లు ముట్టనివాళ్ళు కూడా వెళ్తారు, ఫ్యామిలీలు వెళ్తాయి, టూరిస్టులు వెళ్తారు, తిండికి పేరొచ్చి కల్లు దాని పక్కన కూర్చుంది. దిండిలో రిసార్టులు పెట్టి, హౌస్ బోట్లు తిప్పి, కోనసీమని కేరళతో పోల్చుకుని మురిసిపోతాం కదా, ఈ ఒక్క సంగతిలో మాత్రం పోల్చుకోం. మా కల్లు పాకలో తినడానికి ఏముంటదండీ, మహా అయితే ఓ ఉడకబెట్టిన గుడ్డు, కారం పొడి. పులుసు హోటల్ బల్ల మీద కల్లు లొట్టి పెట్టగలిగితే, గీసేవాడికి నాలుగు డబ్బులు నేరుగా వస్తాయి, తాగేవాడికి క్వార్టర్ కంటే చాలా తక్కువ ఎక్కుద్ది.

వీధి ఆడవాళ్ళు ఒప్పుకోవాలన్నాను కదా, ఆ మాట ఊరికే అనలేదు, అక్క వాళ్ళ వీధిలో డ్వాక్రా మీటింగ్ అయ్యాక కూర్చుని నేనే అడిగాను. మొదట గట్టిగానే పడింది నాకు. ఓ పెద్దావిడైతే "నీకేం పోయింది బాబూ, ఫీజు తీసుకుని పోతావు" అంది. నిజమే, తీసుకుంటాను. కాసేపయ్యాక మాటలు వేరే దారి పట్టాయి. లాకుల దగ్గర తాగి రాత్రి పదింటికి వీధిలో కేకలేసుకుంటూ వచ్చేవాళ్ళ గురించి, కిరాణా కొట్టు వెనక అమ్మకం గురించి, అక్కడ పదిహేనేళ్ళ పిల్లాడికి కూడా ఇచ్చేస్తున్నారని. వీళ్ళకి అన్నిటికంటే కడుపు మంట దేని మీదంటే, అప్పు మీద. బెల్టు షాపువాడు ఖాతా రాసుకుని ఇస్తాడు, కూలి డబ్బులు వచ్చిన రోజు మనిషి ఇంటికి రాకముందే డబ్బు అక్కడికి పోద్ది. క్వార్టర్ 99 అయినా 199 అయినా ఖాతా రాసేవాడికి ఒకటే. ఎక్సైజ్ రూల్స్ నేను అంత చదివాను, దూరాలున్నాయి, టైములున్నాయి, డ్రై డేలున్నాయి, ఈ అప్పు సంగతి మాత్రం నా బుర్రకి ఎప్పుడూ తట్టలేదు. ఆ మీటింగ్‌లో కుట్టు మిషను పెట్టుకున్న ఓ అమ్మాయి తేల్చి చెప్పింది, "అక్క అమ్ముకోనివ్వండి, మాకేం అడ్డం లేదు, కానీ అప్పు ఇచ్చిందా, పుస్తకంలో ఒక్క పేరు కనపడిందా, ఆ రోజే మేం అందరం వచ్చి తాళం వేస్తాం." అందరూ ఒప్పుకున్నారని చెప్పను, ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు.

ఇప్పుడున్న షాపుల పాలసీ 2026 సెప్టెంబరు 30తో అయిపోద్ది, తర్వాతి రూల్స్ అంతకు ముందే రాస్తారు కాబట్టి అడిగేదేదో ఈలోపే అడగాలి. నేను ఓ అర్జీ రాస్తున్నాను, ఫారం లేదు కాబట్టి తెల్ల కాయితం మీదే. కూర్చుని తినేవాళ్ళకే, పార్సిల్ లేదు. బీరు 5 శాతం లోపుది, కల్లు, అంతే, క్వార్టర్ లేదు. రాత్రి తొమ్మిదింటికి బంద్. మనిషికి ఇన్ని అని లెక్క. ఫీజు వేలల్లో ఉండాలి, లాటరీ వద్దు. ఏటా గ్రామసభలో ఆడవాళ్ళ ఓటుతోనే రెన్యువల్. అప్పు ఇస్తే రద్దు, ఇది ఆ మిషను అమ్మాయి మాటగా పైనే రాశాను. డ్రాఫ్టు అక్కకి చదివి వినిపిస్తే మొత్తం విని, తొమ్మిదింటి దగ్గర ఆగింది. మిల్లు జట్టు దిగేదే ఎనిమిదిన్నరకి, కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికే తొమ్మిదవుద్ది, తొమ్మిదిన్నర రాయమంది. వీధివాళ్ళని అడక్కుండా రాయనన్నాను, వచ్చే మీటింగ్ దాకా ఆ ఒక్క లైను ఖాళీగా వదిలేశాను.